ప్లాస్టరు గట్టిపడేలోపు

జూన్ 2, మంగళవారం

అక్కా,

నిన్న పొద్దున తొమ్మిదింటికి మేస్త్రి నన్ను తన గదిలోకి పిలిచి, ఈ నెలాఖరు దాకా చూస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే పంపించేస్తానని చెప్పాడు. ముప్పయ్యో తారీఖుతో నా ఆరునెలల పరీక్ష గడువు అయిపోతుంది. పని పోతే ఇక్కడ ఉండనిచ్చే కాగితం కూడా పోతుంది. కంగారు పడకు, మొత్తం చదువు.

పనిలో తప్పేం లేదు. ఆ మాట ఆయనే అన్నాడు. "నీ చెయ్యి మంచిది. నోరే లేదు" అన్నాడు.

మా వర్క్‌షాపులో కృత్రిమ కాళ్ళు చేస్తామని నీకు తెలుసుగా. కాలు తీసేసినవాళ్ళు వస్తారు. మిగిలిన భాగానికి తడిపిన ప్లాస్టరు పట్టీ చుట్టి అచ్చు తీస్తాం. అది గట్టిపడేదాకా నేను రెండు చేతులతో నొక్కి పట్టుకుని స్టూలు మీద కూర్చోవాలి. వాళ్ళు కదలకూడదు. వాళ్ళ మోకాలికీ నా మొహానికీ జానెడు దూరం. ఆ కాసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. ఇక్కడ అందరూ మాట్లాడతారు, నేను తప్ప. పోయిన వారం ఒకావిడ అలా కూర్చునే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నొప్పా అని అడిగితే కాదంది. పోతూ పోతూ మేస్త్రిని అడిగిందట, "ఆ అమ్మాయి నా కాలు చూసి భయపడిందా?" అని.

నేనేం భయపడలేదక్కా. ఏం మాట్లాడాలో తెలీలేదు. నాకొచ్చిన జర్మన్ అంతా పరీక్ష కోసం చదివింది. "దయచేసి కదలకుండా సహకరించగలరు" అంటాను. రైల్వే స్టేషన్లో మైకులా ఉన్నావన్నాడు మేస్త్రి. తెలుగులో మాత్రం ఏం మాట్లాడాను గనక, అమ్మ నన్ను బెల్లం కొట్టిన రాయి అనేది కదా.

నీ టైలరింగ్ కొట్టుకి వచ్చినవాళ్ళు కొలతలిచ్చి వెళ్ళేలోపు ఇంటి గుట్టంతా నీ టేబుల్ మీద పోసి వెళ్తారు. అదెలా చేస్తావో నాకు రాయి. ఇలాగే టైపు చేసి పంపు, ఫోన్ చెయ్యకు. ఫోన్లో ఇద్దరం ఏడుస్తాం. ఉత్తరంలో అయితే ఎవరి ఏడుపు వాళ్ళది.

నీ
రాయి

జూన్ 4, గురువారం

మా ఇంటి మౌనమునికి,

ఎవడాడు నా చెల్లెలికి నోరు లేదనడానికి? ఆ మాట అనే హక్కు నాకొక్కదానికే ఉంది.

నీ ఉత్తరం మధ్యాహ్నం మిషన్ మీద కూర్చునే చదివాను. స్కూళ్ళు తెరిచే రోజులు, యూనిఫారాలు గుట్టలా ఉన్నాయి. చదివి, ఒక నిక్కరుకి జేబు బయటివైపు కుట్టేశాను. మీ బావ చూసి, "బాగుంది, పిల్లాడికి వెతుక్కునే పని లేదు" అన్నాడు. ఆయన ఇస్త్రీ బల్ల దగ్గరుండి నా తప్పులు ఏరడం తప్ప ఈ కొట్లో చేస్తున్న పని ఇంకోటి లేదు.

సరే విను. వాళ్ళు పంపించేస్తే వచ్చెయ్యి. కిటికీ పక్క మిషన్ ఖాళీగానే ఉంది. నీకేం తక్కువ?

ఇక నువ్వడిగింది. నడుం దగ్గర టేపు పెట్టినప్పుడు నడుం మాట ఎత్తకూడదు. అప్పుడే ఆవిడ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటుంది. ఆ కొలతతో కుడితే రేపు హుక్కు పడదు. అందుకని నేను చేతిసంచీ సంగతి అడుగుతా. "ఇదెక్కడ కొన్నారండీ, జిప్పు గట్టిదేనా?" అంటా. ఆవిడ సంచీ గురించి చెప్తూ ఊపిరి వదిలేస్తుంది. అప్పుడు తీస్తా కొలత. ఎదుటిమనిషి మరీ బిగుసుకుపోతే నా తింగరి పనొకటి బయటపెడతా. జేబు సంగతి రేపటి నుంచి పనికొస్తుంది.

అంతకంటే పెద్ద విద్యేం లేదే. అవునా, అయ్యో, ఊరుకోండి, ఏం చేస్తాం. ఇరవై ఏళ్ళుగా ఈ నాలుగు ముక్కలతోనే కొట్టు నడుపుతున్నా. మిగతాదంతా వాళ్ళే మాట్లాడతారు. వాటిని అక్కడ ఏమంటారో ఎవర్నైనా అడుగు. పుస్తకంలో వెతక్కు.

అన్నం తిను.

అక్క

జూన్ 9, మంగళవారం

అక్కా,

అడిగాను. మా మెట్ల కింద గదిలో ఒక మామ్మ ఉంటుంది. ఎనభై దాటాయి. ఒకప్పుడు ట్రాములో కండక్టరు. శనివారం నేను మెట్లెక్కుతూ "దయచేసి", "సహకరించగలరు" అని గొణుక్కుంటుంటే తలుపు తీసి, "ఎవర్ని అరెస్టు చేస్తున్నావ్?" అంది. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. నా గోడంతా చెప్పాను. నీ నాలుగు ముక్కలూ చెప్పాను. వింటూ మోకాలు చరుచుకుని నవ్వింది. ట్రాములో తనూ ఆ నాలుగింటితోనే నెట్టుకొచ్చిందట.

అవునా అంటే "ఆఖ్ జో". అయ్యో అంటే "ఆఖ్ గొట్". ఊరుకోండి, అదేం లేదు అంటే "ఆఖ్ వాస్". ఏం చేస్తాం అంటే "త్యా", అది పెదవి విరిచి అనాలి, లేకపోతే చెల్లదు. పలకరింపుకి "నా?" చాలు. ఏంటి సంగతి, బాగున్నావా, ఎందుకలా ఉన్నావ్, అన్నీ ఆ ఒక్క అక్షరంలో వచ్చేస్తాయి. ఎవరైనా "ఎలా ఉన్నావ్" అంటే నేను ఇన్నాళ్ళూ నిజం చెప్పేదాన్ని, నడుం నొప్పి సంగతి కూడా. అందుకే కాబోలు కాఫీ బల్ల దగ్గర నన్ను అడగడం మానేశారు. అంతా సవ్యంగా ఉందనడానికి "అంతా వెన్నలో ఉంది" అనాలట. బాగుందనడానికి "దుఫ్టె". ఔరా అనడానికి "డోనర్‌వెటర్". ఉరుముల వాన అని దానర్థం.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆవిడ దగ్గర కూర్చుని ట్రాము ఆట ఆడుతున్నా. ఆవిడ ప్రయాణికురాలు, నేను కండక్టరు. ఒకరోజు టిక్కెట్టు లేని ప్రయాణికురాలు. ఇంకోరోజు గొడుగు మర్చిపోయిన ప్రయాణికురాలు. నిన్న ఆవిడ కుర్చీ కాలు కదులుతుంటే బిగించి ఇచ్చాను. "నన్ను మీరు అనకు, నువ్వు అను" అంది. ఇక్కడ పెద్దవాళ్ళే ముందు అనాలి ఆ మాట. మనంతట మనం మొదలెట్టకూడదు.

ఖాళీ మిషన్ గురించి రాశావు. నేను పడిపోకముందే కింద పరుపు వేసేశావన్నమాట. పడిపోతానని నీకంత నమ్మకమా?

నీ
చెల్లి

జూన్ 11, గురువారం

చెల్లీ,

అన్నీ ఆఖ్ ఆఖ్ ఏంటే, గొంతులో ముల్లు దిగినట్టు? మీ బావకి చదివి వినిపిస్తే మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"నా?" మాత్రం నాకు నచ్చింది. నిన్న కొట్లో వాడాను. బడి టీచరమ్మ జాకెట్టు సరిచేయించుకోవడానికొస్తే గుమ్మంలోనే "నా?" అన్నాను. ఆవిడ సంచీ కింద పెట్టి, వాళ్ళ అత్తగారి సంగతి మొదలుపెట్టింది. పనిచేస్తుంది చెల్లీ, ఏ భాషవాళ్ళ మీదైనా పనిచేస్తుంది.

కానీ ఆ మామ్మ సంగతి నాకు నచ్చలేదు. ఈరోజు కుర్చీ కాలు అంది, రేపు కిటికీ అంటుంది, ఎల్లుండి గిన్నెలు తోమిస్తుంది. ఉత్తి పుణ్యానికి కాఫీ పోసేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. పైగా ఎనభై ఏళ్ళ మనిషిని పట్టుకుని నువ్వు అంటావా? నీకు నేర్పిన మర్యాదంతా ఏ ట్రామెక్కి పోయింది? వెన్న కూడా తగ్గించు. అక్కడ అంతా వెన్నలో ఉంటే నీ పొట్టకి పడదు, చిన్నప్పటి నుంచీ తెలుసు నాకు.

పరుపు మాట. నేనన్నదేంటి, నీకర్థమైందేంటి? చేతకాకపోతే రమ్మన్నానా? ఖాళీగా ఉందన్నాను. ఖాళీగా ఉన్నదాన్ని ఖాళీగా ఉందని రాయకూడదా? చదువుకున్నదానివి, ప్రతి మాటకీ అస్తరు వేసి చదువుతావు.

పని ఎక్కువగా ఉంది. ఉంటా.

అక్క

జూన్ 17, బుధవారం

అక్కా,

నువ్వు చెప్పిందే నిజమైంది. ఆ మామ్మ నా కొంప ముంచింది.

సోమవారం కాఫీ వేళ ధైర్యం చేసి అందరూ కూర్చునే బల్ల దగ్గరికెళ్ళాను. అయిదున్నర నెలల్లో మొదటిసారి. నా పక్క బల్ల మీద పనిచేసే అమ్మాయి తను పోతపోసిన పాదం చూపించింది. "దుఫ్టె!" అన్నాను. బల్లంతా ఆగిపోయింది. ఇంకొకతను తన కొత్త సైకిలు ధర చెప్పాడు. "డోనర్‌వెటర్!" అన్నాను. ఇక చూడు. ఒకడు కాఫీ కప్పులోకే దగ్గాడు. ఇంకొకడు బల్ల మీద తల ఆనించి నవ్వాడు. మేస్త్రి ఒక్కడే నవ్వలేదు, నావంక చూసి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయే తర్వాత విడిగా చెప్పింది. తప్పేం కాదట. కానీ అవి అరవై ఏళ్ళ కిందటి మాటలట. "మా తాతమ్మ ఇలా మాట్లాడేది" అంది. అంటే నేను ఆఫీసుకెళ్ళి "ఔరా! భళిరా!" అన్నట్టన్నమాట. మైకులా ఉన్నానన్నారు మొదట. ఇప్పుడు తాతమ్మనయ్యాను. మధ్యలో మనిషిలా ఎప్పుడుంటానో తెలీదు.

రెండు రోజులుగా కింద గదికి వెళ్ళలేదు. మెట్లు చప్పుడు కాకుండా ఎక్కుతున్నా. ఆవిడకి తెలీదా, ఇప్పుడెవరూ ఇలా మాట్లాడరని? నాతో ఆడుకుందా?

ఇంక నావల్ల కాదు. కిటికీ పక్క మిషన్‌కి నూనె వేసి ఉంచు. నెలాఖరు దాకా ఆగను, ఈ వారమే మేస్త్రికి నేనే చెప్పేస్తాను. పంపించేశారనిపించుకోవడం కంటే వచ్చేశాననిపించుకోవడం నయం.

చెల్లి

జూన్ 18, గురువారం

చెల్లీ,

మిషన్ ఖాళీగా లేదు. దానిమీద కొత్త పనమ్మాయిని పెట్టుకున్నా. కాబట్టి తొందరపడి ఎవరికీ ఏమీ చెప్పకు.

ఇప్పుడు నామాట విను. ఆ మామ్మని నేను అనుమానించాను. నీ ఉత్తరం చదివాక అనుమానం పోయింది. నీతో ఆడుకునే మనిషైతే కొత్త మాటలు నేర్పి, తప్పు అర్థాలు చెప్పేది. ఆవిడ ఇంట్లో ఉన్న మాటలే నీకు పెట్టింది. పాతవైతే ఏం చేస్తుంది? ట్రాము దిగాక ఆవిడతో ఎవరు మాట్లాడారు గనక కొత్తవి రావడానికి? అమ్మ చివరిదాకా కరెంటు బిల్లుని దీపం పన్ను అనలేదూ? మనం నవ్వామా? నవ్వాం. కానీ అమ్మ మీద అలిగి మెట్లు చప్పుడు కాకుండా ఎక్కలేదు.

ఆవిడ తనని "నువ్వు" అనమన్నది కూడా ఇప్పుడు ఆలోచిస్తే తప్పనిపించట్లేదు. అమ్మని "నువ్వు" అనే అన్నాం కదా. "మీరు" అన్నది ఇంటి యజమానిని.

పెద్దవాళ్ళకి కాళ్ళ చప్పుడు బాగా గుర్తుంటుంది చెల్లీ. నువ్వు వచ్చావో లేదో ఆవిడకి తెలీదనుకోకు. రేపు సాయంత్రం వెళ్ళు. కోపం ఉంటే ఆవిడ మొహం మీదే అనెయ్యి. అది కూడా కబుర్లే.

అక్క

తా.క. నేను మీ బావని. అక్క వంటింట్లో ఉంది, ఫోన్ ఇక్కడే పెట్టింది. కొత్త పనమ్మాయి ఎవరూ లేరు. మిషన్ ఖాళీగానే ఉంది, మీ అక్క రోజూ దాన్ని తుడిచి గుడ్డ కప్పుతుంది. ఈ ముక్క నేను రాసినట్టు తెలిస్తే రేపు నాకు అన్నం ఉండదు. చూసుకో. "నా?"

జూన్ 23, మంగళవారం

అక్కా,

వరసగా చెప్తాను.

శుక్రవారం సాయంత్రం కిందికెళ్ళాను. తలుపు కొట్టకముందే తీసింది. బల్ల మీద రెండు కప్పులు ఉన్నాయి. "నీ బూట్లు ఈ వారం పిల్లులైపోయాయి" అంది. కోపంగానే అడిగాను, ఈ మాటలు ఇప్పుడెవరూ అనరట కదా అని. ఆవిడ నా కప్పులో కాఫీ పోసింది. తర్వాత, "అనరా?" అంది. నిజంగానే తెలీదక్కా. కిటికీలోంచి బయటికి చూసి, "అవి అనేవాళ్ళంతా పోయారు. నేననుకున్నా, నాతోనే అనడం మానేశారని" అంది. నేను పెదవి విరిచి "త్యా" అన్నాను. ఆవిడ నవ్వింది. నా "త్యా" ఇప్పుడు చెల్లుతుందట.

నిన్న, సోమవారం, ఒక పెద్దాయన అచ్చు కోసం వచ్చాడు. తాళాలు బాగుచేసేవాడు, పని మానేసి చాలాకాలమైంది. ఎడమ కాలు మోకాలి కింద లేదు. రెండుసార్లు వచ్చి అచ్చు తీయించుకోకుండానే వెళ్ళిపోయాడట. ఎవరితోనూ మాట్లాడడు. మేస్త్రి నావైపు చూసి, "నువ్వు తియ్యి. మాట్లాడనివాళ్ళిద్దరూ ఒకచోట ఉండండి" అన్నాడు. అది వెటకారమో, ఇంకేమిటో తెలీదు.

ఎముక తగిలే చోట్ల పెన్సిలుతో గుర్తులు పెట్టాను. ఆయన గోడవైపు చూస్తున్నాడు. నీ చేతిసంచీ విద్య వాడదామంటే ఆయన దగ్గర సంచీ లేదు. ప్లాస్టరు పట్టీ తడపబోయి మొత్తం గిన్నె తన్నేశాను. నీళ్ళు నా బూట్లలోకి, ఆయన బూటులోకి, బల్ల కిందికి. నా నోట్లోంచి వచ్చేసింది: "డోనర్‌వెటర్!"

ఆయన గోడ వదిలేసి నావంక తిరిగాడు. "ఏమన్నావ్?" అన్నాడు. నేను చచ్చిపోయాను. "క్షమించండి, పాతమాట" అన్నాను. "పాతది కాదు, నా భార్యది" అన్నాడు. "గిన్నె పగిలినా అదే, మనవడు పుట్టినా అదే. ఎవరు నేర్పారు నీకు?" ట్రాము కండక్టరు మామ్మ సంగతి చెప్పాను. ఏ నంబరు ట్రాము అని అడిగాడు. నంబరు చెప్పాను. ఆ దారిలో ఏ మలుపు దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడేవాళ్ళో చెప్పాడు. తన భార్యని మొదట చూసింది ఆ మలుపులోనేనట. ఆవిడ మీమీద పడిందా, మీరు ఆవిడ మీద పడ్డారా అని అడిగాను. "ఆఖ్ వాస్!" అన్నాడు, మొహం ఎర్రబడింది. ఈలోగా మళ్ళీ నీళ్ళు పట్టి, పట్టీ తడిపి చుట్టేశాను, నొక్కి పట్టుకున్నాను. అవునా అన్నాను, అయ్యో అన్నాను. ప్లాస్టరు ఎప్పుడు గట్టిపడిందో ఇద్దరికీ తెలీలేదు. కాలు మీది నుంచి అచ్చు జారుతుంటే, "అయిపోయిందా?" అన్నాడు.

తలుపు దగ్గర మేస్త్రి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో చూడలేదు. పెద్దాయన వెళ్ళాక లోపలికొచ్చి, గుడ్డ తెచ్చి నాతో పాటు నేల తుడిచాడు. ఆరోజు బల్ల దగ్గర ఎందుకు లేచి వెళ్ళిపోయాడో అప్పుడు చెప్పాడు. వాళ్ళమ్మ "దుఫ్టె" అనేదట. "మాటలు పాతవైనా పర్లేదు. ఎదుటివాళ్ళని చూసి అను" అన్నాడు.

శుక్రవారం పొద్దున పదింటికి పెద్దాయన మొదటిసారి కొత్త కాలు మీద నిలబడతాడు. రెండు కడ్డీల మధ్య నిలబెడతాం. ఎదురుగా నన్ను ఉండమన్నాడు మేస్త్రి. నా సంగతి అది చూశాక తేలుస్తానన్నాడు. కాలు బిగుతైనా, ఆయన భయపడి కూర్చుండిపోయినా, మళ్ళీ మొదటికొస్తాం. పెద్దాయన అడిగింది ఒక్కటే: ఆ కండక్టరమ్మని కూడా తీసుకురాగలవా అని. మామ్మని అడిగాను. బీరువాలోంచి నీలం కోటు తీసింది. నడుం దగ్గర వదులైపోయింది. ఎంత లోపలికి మడవాలో చెప్పు, కొలతలు విడిగా పంపుతున్నా.

కొత్త పనమ్మాయిని అడిగానని చెప్పు. కుట్టు నీట్‌గా ఉందా? పాపం గుడ్డ కప్పుకుని కూర్చుంటుందట కదా.

పరుపు అని రాసినందుకు ఏమీ అనుకోకు. అది పరుపు కాదని తెలిసింది.

నీ
రాయి

తా.క. ఇక్కడ మంచి జరగాలని కోరుకునేటప్పుడు బొటనవేళ్ళు పిడికిలి లోపల పెట్టి నొక్కుకుంటారు. ఇది పాతది కాదు, పక్క బల్ల అమ్మాయి కూడా నిన్న నాకోసం నొక్కి చూపించింది.

జూన్ 24, బుధవారం

ఒసే రాయీ,

కోటు మడవకు. అటూ ఇటూ పక్క కుట్టు విప్పి, ఒక్కో వైపు రెండువేళ్ళ వెడల్పు లోపలికి తీసుకుని, ముందు పొడుగు టాకాలు వెయ్యి. ఆవిడని కూర్చోబెట్టి చూడు, నిలబెట్టి కాదు. శుక్రవారం ఆవిడ కూర్చునే చూస్తుంది కదా. కూర్చున్నప్పుడు గుండీ లాగకపోతే అప్పుడు గట్టి కుట్టు వెయ్యి. చేత్తోనే వెయ్యి, నీ చెయ్యి మంచిదని ఊరంతా అంటోంది.

మీ బావకి నిన్న రాత్రి అన్నం పెట్టాను. ఇవాళ పెట్టను. ఆయన నీ ఉత్తరం నాకంటే ముందే చదివి, ట్రాము మలుపు దగ్గర ఆగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందట.

మిషన్ సంగతి తెలిసింది కాబట్టి చెప్తున్నా. అది ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. నువ్వు గెలిచినా ఉంటుంది, ఓడినా ఉంటుంది. సెలవుకొచ్చి కూర్చోవడానికి కూడా ఒక కుర్చీ కావాలి కదే.

పెద్దాయన నిలబడేటప్పుడు కాలు వంక చూడకు. ఆయన కూడా చూడకుండా ఏదో ఒకటి అడుగు. తాళాల సంగతి అడుగు. మన బీరువా తాళం రెండేళ్ళుగా తిరగట్లేదు, అదే అడుగు. నిజంగానే నాకు కావాలి ఆ సంగతి.

నీకక్కడ పది అయ్యేసరికి ఇక్కడ మధ్యాహ్నం. ఆ వేళకే బడివాళ్ళు యూనిఫారాలకి వస్తామన్నారు. పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళమని కబురు పెట్టాను. శుక్రవారం మధ్యాహ్నం కత్తెర ముట్టుకోను. బొటనవేళ్ళు రెండూ పిడికిట్లో పెట్టుకుని కిటికీ పక్క మిషన్ ముందు కూర్చుంటాను. మీ బావని కూడా ఇస్త్రీపెట్టె దించి కూర్చోమన్నాను.

ఆయన నిలబడగానే రాయి. ఒక్క ముక్క చాలు.

అక్క